గది మాట తప్పని చాట్‌బాట్: తిరుపతి హోటలు బుకింగుల కోసం క్లౌడ్‌లో ఎలా కట్టాలి

జనవరి 10, శనివారం. అర్ధరాత్రి దాటి 40 నిమిషాలైంది. తిరుపతిలోని ఒక హోటలు వాట్సాప్ నంబరుకు సందేశం వచ్చింది: "రేపు పొద్దున రైలు దిగుతాం. ఆరుగురం, ఇద్దరు పిల్లలు. రెండు రోజులు ఉంటాం. రూము ఉందా?"

రిసెప్షన్‌లో అనుభవమున్న మనిషి ఉంటే ఈ నాలుగు ముక్కల్లో దాగిన మూడు చిక్కులను వెంటనే పసిగడతారు. ఇంకా నిద్రపోని మనిషికి "రేపు" అంటే మరో నాలుగైదు గంటల్లో తెల్లవారబోయే రోజు, కానీ క్యాలెండరు ప్రకారం ఆ రోజు అప్పటికే మొదలైంది. ఆరుగురిలో పిల్లలు కలిశారో, ఆరుగురు పెద్దలకు తోడు మరో ఇద్దరు పిల్లలో తెలియదు. "రెండు రోజులు" అంటే రెండు రాత్రులు కావచ్చు, ఒక రాత్రి పడుకుని మరునాడు సాయంత్రం బండి ఎక్కడమూ కావచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పుగా అర్థం చేసుకున్నా తెల్లవారుజామున సామానుతో దిగిన కుటుంబం కౌంటరు ముందు నిలబడి ఉంటుంది, వారికి ఇవ్వడానికి గది ఉండదు.

అందుచేత హోటలు చాట్‌బాట్‌ను చక్కగా మాట్లాడే యంత్రంగా కాక, గది ఇస్తానన్న మాటను నిలబెట్టుకునే యంత్రంగా రూపొందించాలన్నది నా అభిప్రాయం. మాట్లాడే భాగం ఇప్పుడు ఏ క్లౌడ్ సంస్థ (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చే సంస్థ) దగ్గరైనా దొరుకుతుంది. మాట నిలబెట్టే భాగాన్ని మాత్రం మనమే కట్టుకోవాలి. ఈ వ్యాసంలో 40 గదుల హోటలును, అమెజాన్ క్లౌడ్ సేవలను ఉదాహరణగా తీసుకున్నాను. గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలోనూ పేర్లు మారతాయే తప్ప పని తీరు ఇదే.

ముందు రిజిస్టరు, తరువాతే సంభాషణ

కోడ్ రాయడానికి ముందు హోటలుకు వెళ్లి కౌంటరు పక్కన ఒక పూట కూర్చోవాలి. ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయన్న లెక్క సాధారణంగా ఒకచోట ఉండదు. కౌంటరు మీద పొడవాటి రిజిస్టరులో ఒక లెక్క ఉంటుంది. మేక్‌మైట్రిప్, బుకింగ్ డాట్ కామ్, అగోడా వంటి సైట్లకు ఇచ్చిన గదుల లెక్క మరొకటి. ఫోనులో పాత కస్టమర్లకు "మీ గది ఉంచుతాంలెండి" అని మేనేజరు ఇచ్చిన మాటలు మూడో లెక్క, అవి ఆయన తలలోనే ఉంటాయి. ఈ మూడూ కలవని చోట చాట్‌బాట్ పెడితే అది నాలుగో లెక్క మొదలుపెడుతుంది, అంతకుమించి ఉపయోగపడదు.

నేను పాలుపంచుకున్న తొలి ప్రయత్నంలో ఈ పొరపాటే జరిగింది. రిసెప్షన్ వారు ఒక స్ప్రెడ్‌షీట్‌లో రోజుకు రెండుసార్లు ఖాళీలు నింపేవారు, బాట్ దాన్ని చదివి జవాబిచ్చేది. మామూలు రోజుల్లో ఇబ్బంది రాలేదు. వైకుంఠ ఏకాదశి ముందు రోజు మధ్యాహ్నం నింపిన షీటును నమ్మి బాట్ సాయంత్రం దాకా గదులు ఇస్తూనే పోయింది, ఆలోపు అవే గదులను కౌంటరులో నేరుగా వచ్చినవారికి ఇచ్చేశారు. ఆ రాత్రి వృద్ధ దంపతులు ఇద్దరిని హోటలు వాహనంలో వేరే లాడ్జికి పంపవలసి వచ్చింది. తప్పు రిసెప్షన్ వారిది కాదు, రోజుకు రెండుసార్లు మాత్రమే నిజం చెప్పే లెక్క మీద బాట్‌ను నిలబెట్టిన మాది.

కాబట్టి మొదటి నిర్ణయం ఇదే: గదుల నిజమైన లెక్క ఎక్కడ ఉంటుంది? హోటలు నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉండి, దానికి ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దాన్ని నేరుగా ప్రశ్నించే మార్గం) కూడా ఉంటే బాట్ సొంత లెక్క పెట్టుకోకుండా ప్రతిసారీ దాన్నే అడగాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ లేకపోతే బాట్‌కు కోటా కేటాయించడం మేలు. 40 గదుల్లో 8 గదులు బాట్‌వని రాసుకుంటే, ఆ 8 గదులను కౌంటరులో గానీ ఫోనులో గానీ మరొకరికి ఇవ్వకూడదు. సాయంత్రం ఒక నిర్ణీత సమయం తరువాత మిగిలిన కోటాను కౌంటరుకు అప్పగించే బటన్ ఒకటి మేనేజరు ఫోనులో ఉండాలి. ఆ బటన్ నొక్కగానే బాట్ లెక్కలో ఆ రోజు ఖాళీలు సున్నా కావాలి. కోటా పద్ధతి పాతకాలపుదిగా కనిపించవచ్చు గానీ, చిన్న హోటలుకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు కనిపించలేదు.

మరో సంగతి, గది నంబరును బుక్ చేయకూడదు, గది రకాన్ని బుక్ చేయాలి. "204 మీదే" అని బాట్ మాట ఇస్తే, ఆ రోజు ఉదయం 204లో గీజరు పాడైతే మాట తప్పినట్టే. "ఏసీ డీలక్స్, ఒకటి" అని మాట ఇస్తే ఏ గది ఇవ్వాలో కౌంటరు చూసుకుంటుంది.

క్లౌడ్‌లో ఏ పని ఎక్కడ

తిరుపతి హోటలుకు క్లౌడ్ ఎందుకంటే, రద్దీ ఒక్క తీరుగా ఉండదు. తిరుమల తిరుపతి దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. టికెట్ చేతికి అందిన కుటుంబం ఆ వెంటనే గది కోసం వెతుకుతుంది. దాంతో గంటకు పది సందేశాలు వచ్చే నంబరుకు కొద్ది నిమిషాల్లో వందలు రావచ్చు. వాడినంతకే చెల్లించే సర్వర్‌లెస్ పద్ధతి ఇలాంటి హోటలుకు సరిపోతుంది. మనం రాసిన కోడ్‌ను అవసరమైనప్పుడే నడిపే అమెజాన్ లాంబ్డా సేవలో నెలకు 10 లక్షల పిలుపుల దాకా ఉచితం గనుక, ఈ పరిమాణపు హోటలుకు ఆ ఖర్చు దాదాపు కనిపించదు.

సందేశం ప్రయాణం ఇలా ఉంటుంది. అతిథి వాట్సాప్‌లో రాసింది వాట్సాప్ యజమాని మెటా వారి క్లౌడ్ ఏపీఐ ద్వారా మన వెబ్‌హుక్ చిరునామాకు (సందేశాలను అందుకోవడానికి మనం తెరిచి ఉంచిన వెబ్ చిరునామాకు) వస్తుంది. అక్కడ ఉన్న చిన్న లాంబ్డా మూడు పనులే చేయాలి: సందేశంతో వచ్చిన డిజిటల్ సంతకం (అది మెటాయే పంపిందనే గుర్తు) సరైనదో కాదో చూడడం, సందేశాన్ని క్యూలో, అంటే తన వంతు కోసం వేచి ఉండే వరుసలో వేయడం, అందిందని తెలిపే 200 అనే సంకేతాన్ని జవాబుగా పంపడం. అసలు ఆలోచనంతా క్యూ వెనుక ఉన్న రెండో లాంబ్డా చేస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే ఫంక్షన్‌లో రాస్తే, జవాబు ఆలస్యమైనప్పుడల్లా మెటా అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది, అతిథికి ఒకే ప్రశ్న రెండుసార్లు వెళ్తుంది, ఇంకా చెడ్డరోజైతే ఒకే గది రెండుసార్లు బుక్ అవుతుంది.

క్యూ కోసం అమెజాన్ క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌లో వరుసక్రమం తప్పని ఫైఫో రకాన్ని ఎంచుకుని, అతిథి ఫోను నంబరును గుంపు గుర్తుగా ఇవ్వాలి. అప్పుడు ఒకే మనిషి వెంటవెంటనే పంపిన "రూము కావాలి", "కాదు కాదు, రెండు కావాలి" అనే సందేశాలు తారుమారు కావు. అయితే ఈ క్యూ నకలు సందేశాలను 5 నిమిషాల వ్యవధిలోనే పట్టుకోగలదు, మెటా మాత్రం అందని సందేశాన్ని రోజుల తరబడి మళ్లీ పంపుతూ ఉంటుంది. అందువల్ల ప్రతి సందేశానికి మెటా ఇచ్చే గుర్తింపు సంఖ్యను అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీ పట్టికలో "ఇదివరకు లేకపోతేనే రాయి" అనే షరతుతో రాసుకోవాలి. షరతు విఫలమైతే అది పాత సందేశమే, వదిలేయవచ్చు.

సర్వర్ ప్రాంతం విషయానికొస్తే, అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా కేంద్రాలున్నాయి. హైదరాబాద్ మనకు దగ్గరే అయినా కొత్త ప్రాంతంలో అన్ని సేవలూ ఉండకపోవచ్చు. మీరు వాడదలచిన ప్రతి సేవా అక్కడ ఉందో లేదో చూసుకున్న తరువాతే ప్రాంతాన్ని నిర్ణయించాలి. కొన్ని మిల్లీసెకన్ల తేడా వాట్సాప్‌లో ఎవరికీ తెలియదు.

మాట నుంచి తేదీ దాకా

అమెజాన్ లెక్స్, గూగుల్ డైలాగ్‌ఫ్లో వంటి సేవలు సంభాషణను ఇంటెంట్లు, స్లాట్లు అనే రెండు భావనలతో చూస్తాయి. అతిథి ఏం చేయాలనుకుంటున్నారన్నది ఇంటెంటు: గది బుక్ చేయడం, రద్దు చేయడం, దారి అడగడం. ఆ పనికి కావలసిన వివరాలు స్లాట్లు: వచ్చే రోజు, వెళ్లే రోజు, పెద్దలు, పిల్లలు, గది రకం. ఇంగ్లీషులో ఇది సాఫీగా నడుస్తుంది. తెలుగులో మాత్రం, ఎంచుకున్న సేవ అధికారికంగా మన భాషను తీసుకుంటుందో లేదో ముందు చూడాలి. హిందీ, భారతీయ ఇంగ్లీషు జాబితాలో ఉన్నంత మాత్రాన తెలుగు కూడా ఉంటుందనుకోకూడదు.

పైగా మనవారు రాసే తెలుగు తెలుగు లిపిలోనే ఉండదు. "కావాలి" అన్న ఒక్క మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కె, ఎ, వి, ఎ, ఎల్, ఐ అని ఒకరు రాస్తే, మధ్యలో ఎ రెండుసార్లు పెట్టి ఇంకొకరు, మధ్య అచ్చులు మింగేసి కె, వి, ఎల్, ఐ అని మరొకరు రాస్తారు. అదే వాక్యంలో ఇంగ్లీషు మాటలూ కలుస్తాయి. తిరుపతికి తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చే యాత్రికులు తమ భాషలను కూడా ఇలాగే రాస్తారు. ఇన్ని రూపాలకు నమూనా వాక్యాలు రాసుకుంటూ పోవడం తెగని పని గనుక, సందేశంలోంచి వివరాలు ఏరడం ఒక్కటే పెద్ద భాషా నమూనాకు (చాట్‌జీపీటీ వంటివాటి వెనుక ఉండే ఏఐకి) అప్పగించడం ఇప్పుడు అనువైన దారి. దానికి ఇచ్చే ఆదేశం చాలా ఇరుకుగా ఉండాలి: ఈ సందేశంలో వచ్చే రోజు, వెళ్లే రోజు, మనుషుల సంఖ్య గురించి ఏముందో నిర్ణీత రూపంలో ఇవ్వు, లేనిదాన్ని ఖాళీగా వదులు, ఊహించవద్దు. "రేపు", "ఎల్లుండి", "వచ్చే శనివారం" వంటి మాటలను తేదీలుగా మార్చే పని నమూనాది కాదు, మన కోడ్‌ది.

ఇక్కడే గడియారం సమస్య ఎదురవుతుంది. లాంబ్డా గడియారం అంతర్జాతీయ సమయంలో నడుస్తుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు అతిథి "ఈరోజే వస్తున్నాం" అంటే సర్వరుకు అది ఇంకా నిన్నటి తేదీయే. కాబట్టి తేదీ లెక్కలన్నింటినీ భారత సమయంలోనే చేయాలి. అలా చేశాక కూడా అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా "రేపు" అన్న మాటను నమ్మకూడదు. ఆ వేళల్లో ఏ రోజో అతిథినే అడగాలి. మొదట చెప్పిన సందేశానికి నేను రాయించే జవాబు ఇది:

"నమస్కారమండి. మీరు దిగేది ఈ తెల్లవారితే వచ్చే శనివారం, జనవరి 10నా? లేక ఆదివారం, జనవరి 11నా?"

కింద రెండు బటన్లు, "శనివారం 10", "ఆదివారం 11". వారం పేరు, తేదీ రెండూ ఉండాలి. తేదీ ఒక్కటే చూసి మనిషి పొరబడవచ్చు, వారం చూడగానే సరిచేసుకుంటారు.

రెండో ప్రశ్నగా ఎన్ని రోజులుంటారని అడగవద్దు, ఎన్ని రాత్రులని కూడా వద్దు. "గది ఏ రోజు ఖాళీ చేస్తారు?" అని అడగాలి. మన వాడుకలో రోజుల లెక్క మనిషికో తీరుగా ఉంటుంది, ఖాళీ చేసే రోజు మాత్రం అందరికీ ఒక్కటే. మనుషుల సంఖ్య దగ్గర కూడా "మొత్తం ఎంతమంది?" అని ముందు, "వారిలో పన్నెండేళ్లలోపు పిల్లలు ఎందరు?" అని తరువాత అడగాలి. "వారిలో" అన్న ఆ ఒక్క మాటతో ఆరుగురా, ఎనిమిదిమందా అన్న సందేహం తీరిపోతుంది. వయసు హద్దు మీ హోటలు నియమాన్ని బట్టి మార్చుకోవచ్చు.

తిరుపతి లాడ్జీలకు మరో ప్రత్యేకత ఉంది. ఏ గంటకు దిగినా అక్కడి నుంచి 24 గంటలు లెక్కకట్టే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. ఉదయం 5 గంటలకు దిగిన కుటుంబం మరునాటి 5 గంటల దాకా ఉండవచ్చు. ఇది యాత్రికులకు మేలైన పద్ధతే, కానీ రోజుకో సంఖ్య చొప్పున రాసుకునే పట్టికలో ఇమడదు. ఆదివారం రాత్రి 11 గంటలకు దిగినవారు సోమవారం రాత్రి దాకా ఉంటే, సోమవారం మధ్యాహ్నం వచ్చేవారికి ఆ గది లేనట్టే. రెండే మార్గాలున్నాయి. గంటల చొప్పున ప్రతి గదికీ ఆక్రమణ లెక్క రాయడం ఒకటి; బాట్ ద్వారా చేసే బుకింగులకు మాత్రం మధ్యాహ్నం 12 నుంచి మరునాడు 11 దాకా అని స్థిరమైన వేళలు ప్రకటించడం రెండోది. చిన్న హోటలుకు నేను రెండోదే సూచిస్తాను. అయితే ఆ వేళలను ధర చెప్పే సందేశంలోనే స్పష్టంగా చెప్పాలి, తెల్లవారుజామున దిగేవారికి ముందు రాత్రి గది కూడా కలిపి చూపించాలి. అలా చూపిస్తే వారు 5 గంటలకు నేరుగా గదిలోకి వెళ్లగలరు, ఎంత చెల్లిస్తున్నారో ముందే తెలుస్తుంది.

బటన్ల విషయంలో ఒక చిన్న చిక్కు. వాట్సాప్‌లో ఒక సందేశానికి 3 జవాబు బటన్లే పెట్టగలం, ఒక్కో బటన్ మీద 20 అక్షరాలకు మించకూడదు. జాబితా రూపంలో అయితే 10 వరుసలు పడతాయి. కంటికి కనిపించే తెలుగు అక్షరాల సంఖ్య, యూనికోడ్ లెక్క ఒకటి కాదు. "నిర్ధారించండి" మనకు ఐదు అక్షరాలు, యూనికోడ్‌కు 13 సంకేతాలు. "బుకింగ్ నిర్ధారించండి" అని రాస్తే 21 అవుతుంది, ఒక్కటి ఎక్కువై సందేశమే వెళ్లదు. "సరే, బుక్ చేయండి" అంటే 16తో సరిపోతుంది, వినడానికీ సహజంగా ఉంటుంది. బటన్ల మాటలన్నింటి పొడవును లెక్కించే పరీక్ష ఒకటి కోడ్‌లో ఉండాలి.

గది పట్టి ఉంచడం, డబ్బు అందడం

ఈ భాగంలో తప్పు జరిగితే ఎంత తీయగా మాట్లాడినా ప్రయోజనం లేదు. పట్టికలో గది రకం, తేదీ కలిసి ఒక వరుస; అందులో మిగిలిన గదుల సంఖ్య. శనివారం వచ్చి సోమవారం వెళ్లేవారికి శనివారం, ఆదివారం వరుసల్లోంచి తగ్గించాలి, వెళ్లే రోజుది తగ్గించకూడదు. ముందు సంఖ్యను చదివి, ఉందని తేల్చుకుని, తరువాత తగ్గించే పద్ధతి పనికిరాదు. ఆ రెండింటి మధ్య మరో అతిథి అదే చివరి గదిని చదివి ఉంటారు. "మిగిలినవి కావలసినన్ని ఉంటేనే తగ్గించు" అనే షరతును రాతలోనే పెట్టాలి. అన్ని రాత్రుల తగ్గింపులూ ఒకే ట్రాన్సాక్షన్‌గా జరగాలి. అప్పుడు శనివారం దొరికి ఆదివారం దొరకని సందర్భంలో మొత్తం రాత రద్దవుతుంది, సగం బుకింగు మిగలదు.

తగ్గించిన గదిని డబ్బు అందేదాకా 15 నిమిషాలు పట్టి ఉంచాలి. గడువు ముగిశాక గదిని తిరిగి లెక్కలో చేర్చడానికి చాలామంది డైనమోడీబీలోని టీటీఎల్ సౌకర్యాన్ని వాడబోతారు. అది గడువు తీరిన వరుసలను తుడిచే సౌకర్యమే గానీ ఆ క్షణాననే తుడుస్తుందన్న హామీ లేదు, తుడవడానికి రోజులు కూడా పట్టవచ్చు. దాన్ని నమ్ముకుంటే గదులు ఖాళీగా ఉండి కూడా బాట్ "లేవండి" అని అందరినీ తిప్పి పంపుతుంది. ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌తో ప్రతి పట్టుకూ ఒక అలారం పెట్టి, గడువు రాగానే "ఇంకా చెల్లింపు అందని స్థితిలోనే ఉంటే" అన్న షరతు మీద గదిని తిరిగి లెక్కలో కలపాలి. టీటీఎల్‌ను ఆ తరువాత చెత్త ఊడ్చడానికి వాడుకోవచ్చు.

చెల్లింపు కోసం పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సేవ) ఇచ్చే లింకు పంపితే అతిథి యూపీఐ ద్వారా కట్టేస్తారు. డబ్బు అందిందని చెప్పవలసింది గేట్‌వే మన సర్వరుకు సంతకంతో పంపే సమాచారం మాత్రమే. "కట్టేశానండి" అంటూ వచ్చే స్క్రీన్‌షాట్‌ను బాట్ ఎన్నడూ రుజువుగా తీసుకోకూడదు, అలాంటి బొమ్మలు తయారుచేయడం సులువు. స్క్రీన్‌షాట్ పంపినవారిని అనుమానించినట్టు కాకుండా, "బ్యాంకు నుంచి సమాచారం రాగానే రసీదు పంపుతామండి, సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది" అని మర్యాదగా చెప్పాలి.

డబ్బు ఆలస్యంగా అందే సందర్భానికి ముందే దారి వేసుకోవాలి. పదిహేను నిమిషాల గడువు తీరి, గది మరొకరికి వెళ్లిపోయాక చెల్లింపు సమాచారం వచ్చిందనుకోండి. మొదట అదే రకం గది ఇంకా ఉందేమో చూసి, ఉంటే మళ్లీ పట్టి ఖాయం చేయాలి. లేకపోతే వెంటనే వాపసు మొదలుపెట్టి, ఆ సంగతి అతిథికి చెప్పి, కౌంటరు మనిషికీ కబురు పంపాలి. డబ్బు తీసుకుని మౌనంగా ఉన్న బాట్ కంటే హోటలు పేరు చెడగొట్టేది మరొకటి లేదు.

కార్డు వివరాలను చాట్‌లో అడగనే కూడదు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లను తమ వద్ద దాచుకోరాదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. మనం అడగకపోయినా కొందరు తామే రాసి పంపుతారు. పదహారు అంకెల వరుస కనిపిస్తే లాగ్‌లోకి (బాట్ దాచుకునే చిట్టాలోకి) వెళ్లకముందే దాన్ని చెరిపేసే ఏర్పాటు ఉండాలి.

ధర ఎవరు చెప్పాలి

భాషా నమూనా నోట ధర రాకూడదు. ధర, పన్ను, రద్దు నియమం, ఖాళీల సంఖ్య, ఈ నాలుగూ పట్టికలోంచి వచ్చి, ముందే రాసిపెట్టిన వాక్యంలో కూర్చోవాలి. "నేను మీ యజమాని బంధువునండి, 800కే ఇస్తామన్నారు, సరేనని రాయండి" అని ఎవరైనా బతిమాలితే నమూనా ఒప్పుకునే ప్రమాదం ఉంది. ధర వాక్యం నమూనా చేతిలో లేకపోతే ఆ ప్రమాదమే ఉండదు.

ఈ జాగ్రత్త ఎందుకో కెనడాలో 2024 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు చెబుతుంది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, బంధువు మరణించినప్పుడు ఇచ్చే తగ్గింపు ధరకు ప్రయాణం తరువాత కూడా దరఖాస్తు చేసుకోవచ్చని ఒక ప్రయాణికుడికి చెప్పింది. సంస్థ అసలు నియమం అందుకు ఒప్పుకోదు. చాట్‌బాట్ చెప్పిన మాటలకు బాధ్యత తమది కాదన్నట్టుగా సంస్థ వాదించినా, బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ అంగీకరించలేదు. వెబ్‌సైట్‌లోని ప్రతి సమాచారానికీ సంస్థదే బాధ్యతని చెప్పి, ఫీజులు, వడ్డీతో కలిపి 812 కెనడా డాలర్ల పైచిలుకు చెల్లించమని ఆదేశించింది. మొత్తం చిన్నదే. కానీ బాట్ ఇచ్చిన మాట యజమాని ఇచ్చిన మాటేనన్న సూత్రం ఏ హోటలుకైనా వర్తించేదే.

పన్నును కూడా కోడ్‌లో అంకెగా రాసేయకూడదు. రోజుకు 7,500 రూపాయల లోపు గదుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది, ఆపై ధర గదులకు 18 శాతం కొనసాగుతోంది. రోజుకు 2,400 రూపాయల గది రెండు రాత్రులకు తీసుకుంటే పాత లెక్కన 5,376, కొత్త లెక్కన 5,040 రూపాయలు. రేటు, అది ఏ తేదీ నుంచి అమలు, ఏ ధర దాకా వర్తింపు అన్నవి ఒక చిన్న పట్టికలో ఉంటే అలాంటి మార్పు వచ్చిన రోజున ఒక వరుస చేర్చితే సరిపోతుంది. మారే రోజుకు అటూ ఇటూ పడే బుకింగులకు ఏ రేటు వేయాలో హోటలు ఆడిటరును అడిగి రాసుకోవాలి.

చెప్పకూడనివి, అడగకూడనివి

తిరుపతి హోటలు బాట్‌కు గదుల తరువాత ఎక్కువగా వచ్చే ప్రశ్నలు రెండు: "దర్శనం టికెట్లు ఇప్పిస్తారా?", "కొండ మీద రూములున్నాయా?" ఈ రెండింటికీ జవాబును నమూనాకు వదలకుండా చేత్తో రాయాలి. హోటలు ఉన్నది కొండ కింద తిరుపతిలో అని, తిరుమలలో వసతిని, దర్శనం టికెట్లను ఇచ్చేది దేవస్థానమని, అందుకు దేవస్థానం అధికారిక వెబ్‌సైట్‌నే చూడమని స్పష్టంగా చెప్పాలి. దూరప్రాంతాల నుంచి తొలిసారి వచ్చేవారిలో కొందరికి తిరుపతి, తిరుమల వేరు వేరన్న సంగతి తెలియదు. వారికి ఈ తేడా బుకింగుకు ముందే తెలియాలి, ఆ తరువాత కాదు.

ఆధార్ ఫొటోను చాట్‌లో అడగవద్దు. గుర్తింపు పత్రాన్ని కౌంటరులో ఎలాగూ చూస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సేకరించే ప్రతి వివరానికీ ఒక ప్రయోజనం ఉండాలి, అది మనిషికి తెలియాలి. బుకింగుకు పేరు, ఫోను నంబరు, తేదీలు, మనుషుల సంఖ్య చాలు. అడగకుండానే పత్రాల ఫొటోలు పంపేవారికి "ఇవి ఇక్కడ అవసరం లేదండి, వచ్చినప్పుడు చూపిస్తే చాలు" అని చెప్పి, ఆ ఫైలును దాచకుండా వదిలేయాలి.

మనిషికి అప్పగించడం

"మనిషితో మాట్లాడాలి" అన్న బటన్ ప్రతి దశలోనూ అందుబాటులో ఉండాలి. బాట్ రెండుసార్లు వరుసగా అర్థం చేసుకోలేకపోతే అతిథి అడగకముందే కౌంటరుకు అప్పగించాలి. మూడోసారి "క్షమించండి, అర్థం కాలేదు" అనే హక్కు దానికి లేదు. అప్పగించేటప్పుడు ఇప్పటిదాకా తెలిసినదంతా, ఉదాహరణకు "శనివారం 10 నుంచి ఆదివారం 11, మొత్తం ఆరుగురు, ఇద్దరు పిల్లలు, మంచం అదనంగా అడుగుతున్నారు" అని ఒక్క వరుసలో కౌంటరు ఫోనుకు చేరాలి. అతిథి కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి రావడం వారిని అవమానించడమే. చావు, జబ్బు, తప్పిపోయిన సామాను వంటి మాటలు వినిపించిన క్షణాన బాట్ పక్కకు తప్పుకోవాలి.

వాట్సాప్‌లో అతిథి చివరి సందేశం పంపినప్పటి నుంచి 24 గంటల లోపే మనం ఇష్టమైన వాక్యాలు రాయగలం. ఆ తరువాత మెటా ముందుగా ఆమోదించిన నమూనా సందేశాలే వెళ్తాయి. కాబట్టి ప్రయాణానికి ముందు రోజు పంపే గుర్తుచేత, వాపసు అందిందన్న కబురు వంటివాటిని మొదటి వారంలోనే ఆమోదానికి పెట్టుకోవాలి. లెక్స్ వాడేవారు మరొకటి గమనించాలి, దాని సంభాషణ జ్ఞాపకం ఏర్పాటు మార్చకపోతే 5 నిమిషాలే. ఇంట్లో వాళ్లను అడిగి రెండు గంటల తరువాత "సరే, డీలక్సే ఇవ్వండి" అని రాసే మనిషికి "నమస్కారం, ఏ రోజు వస్తున్నారు?" అని జవాబు రావడం ఆ 5 నిమిషాల వల్లే. సంభాషణ స్థితిని మన సొంత పట్టికలోనే ఒక రోజు పాటు ఉంచుకోవడం మంచిది.

తెరిచే ముందు

కౌంటరు ఫోనులోని పాత వాట్సాప్ సంభాషణల నుంచి, పేర్లూ నంబర్లూ తీసేసి, రెండు వందల నిజమైన సందేశాలు సేకరించండి. ఇంజినీర్లు ఊహించి రాసిన వాక్యాలు వీటికి సాటి రావు. ప్రతి మార్పు తరువాత ఆ రెండు వందలనూ బాట్ మీద నడిపి, తేదీలూ మనుషుల లెక్కా ఎక్కడ తప్పుతున్నాయో చూడాలి. చివరి గది మీద రెండు ఫోన్ల నుంచి ఒకేసారి బుక్ చేసి చూడాలి. ఒకే వెబ్‌హుక్ సందేశాన్ని పదిసార్లు పంపి చూడాలి. గడువు తీరిన పదహారో నిమిషంలో డబ్బు కట్టి చూడాలి. నెల చివరి రోజున, తెల్లవారుజామున 4 గంటలకు "ఈరోజు" అని రాసి చూడాలి. వాయిస్ సందేశం పంపి, బాట్ మౌనంగా ఉండిపోకుండా "దయచేసి రాసి పంపండి, లేదా కౌంటరుతో మాట్లాడండి" అని చెబుతోందో లేదో చూడాలి. వాయిస్‌ను అక్షరాలుగా మార్చే ఏర్పాటు తరువాత చేర్చుకోవచ్చు, చేర్చినా విన్నదాన్ని తిరిగి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

అన్నీ నెగ్గాక కోటాను రెండే గదులతో, పండుగ లేని వారంలో మొదలుపెట్టండి. ప్రతి ఉదయం రిసెప్షన్ మనిషి రిజిస్టరు, బాట్ లెక్క పక్కపక్కన పెట్టుకుని సరిచూడాలి. పదిహేను రోజులు రెండూ అంకెకు అంకె కలిస్తే నాలుగు గదులకు, ఆ తరువాత ఎనిమిదింటికి పెంచవచ్చు. ఒక్క రోజు తేడా వచ్చినా కారణం దొరికేదాకా కోటాను మళ్లీ రెండుకు దించాలి.